మూత బిగించిన అల్లుడు

ఏప్రిల్‌లో జనగామ పక్క పల్లెలోని అత్తగారింటికి వచ్చిన సిటీ అల్లుడు తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఏం పెట్టుకుంటాడో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. ఆవకాయ జాడీ, బియ్యం మూట, వెనక సీటు కింద రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో తాటికల్లు. సీటు మీద చుక్క పడకూడదని ఆ సీసా మూతను పళ్లు బిగబట్టి మరీ తిప్పుతాడు. చివరికి సీటు మీద పడనిది ఆ మూత ఒక్కటే.

పోసిచ్చిన గౌడన్న ముందే చెప్పాడు. "సారూ, మూత జర లూజుగ పెట్టుర్రి. దానికి గాలాడాలె." అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. బీరు సీసా మూతను పీకడానికి ఓపెనర్ కావాలి, అంత గట్టి మూతకే పేలనిది ఇదెందుకు పేలుతుందని ఆయన లెక్క.

లెక్క తప్పేం లేదు, సరుకే వేరు. మామూలు బీరు పులవడం ఫ్యాక్టరీలోనే ముగుస్తుంది. పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టును వడగట్టో, వేడి చేసి చంపో సీసాకెక్కిస్తారు. కల్లుకు ఆ ముగింపు లేదు. అల్లుడు సీటు కింద పెట్టుకున్నది తయారైన సరుకు కాదు, మూడు షిఫ్టులూ నడుస్తున్న కార్ఖానా.

ఆ కార్ఖానా చెట్టు మీదే మొదలవుతుంది. గౌడన్న చెట్టెక్కే సరంజామా మోకు, ముస్తాదు వేసుకుని తాటిచెట్టెక్కి, గెలను కట్టి, నొక్కి, దాని కొసను పూటపూటకూ గీత కత్తితో పలచగా చెక్కి లొట్టి (కల్లు పట్టే మట్టికుండ) కడతాడు. (ఈతచెట్టుకైతే గెలతో పని లేదు, మట్ట కింద మొద్దునే చెక్కుతారు.) దిగే రసంలో చక్కెర నూటికి 10 నుంచి 14 పాళ్లు. లొట్టిలో నిన్నటి తడి ఉంటుంది, ఆ తడిలో ఈస్టు ఉంటుంది. పెద్ద బ్రూవరీలు తమ ఈస్టును ల్యాబుల్లో, ఫ్రీజర్లలో దాచుకుంటాయి. మన దగ్గర తరతరాలుగా ఆ పని మట్టి లొట్టి గోడలోని సన్న రంధ్రాలే చేస్తున్నాయి. కాబట్టి మొదటి చుక్క పడ్డ క్షణం నుంచే పులుపు మొదలు. పొద్దున్నే దించినది తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మర్నాటికి సిర్కా (వెనిగర్) దారిలో ఉంటుంది. రెండో రోజుకూ తియ్యగానే ఉందంటే అందులో చెట్టుది కానిదేదో కలిసిందని అనుమానించాలి.

పులవకుండా నీరా కావాలంటే లొట్టిని శుభ్రంగా కడిగి లోపల సున్నం పూస్తారు. సున్నపు క్షారంలో ఈస్టు తల ఎత్తదు. దించిన వెంటనే ఐసులో పెట్టాలి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచాక సిటీవాళ్లకు ఇది చల్లగా గ్లాసులో దొరికింది. కానీ అల్లుడికి కావలసింది నీరా కాదు, కిక్కు.

ఇప్పుడు గ్యాస్ సంగతి. గ్రాము చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అంటే పావు లీటరుకు పైనే. లీటరు కల్లులో 120 గ్రాముల చక్కెర ఉందనుకుంటే అంతా పులిసేసరికి 30 లీటర్లు. కూల్‌డ్రింక్ సీసాను చేసింది లీటరుకు నాలుగు లీటర్ల గ్యాస్ పట్టే పానీయం కోసం. అల్లుడు బయలుదేరేటప్పటికి సగం చక్కెర అప్పటికే పులిసిందనుకున్నా, మిగిలిన సగంలో కొంచెం చాలు.

ఆ కొంచెం యాదగిరిగుట్ట దగ్గర జరిగింది. గుట్ట పక్కనుంచి పోతూ దర్శనం చేసుకోకపోతే అత్తగారు ఊరుకుంటారా? కారు ఎండలో, కల్లు కారులో, అల్లుడు క్యూలో. మూడు గంటలు. మొదటి గంటలో కారు 35 డిగ్రీలకు రాగానే ఈస్టుకు పండగ. ఆ తర్వాత 50 దాటితే ఈస్టు సొమ్మసిల్లుతుంది కానీ, వేడి ద్రవం గ్యాస్‌ను తనలో పట్టి ఉంచలేదు. కల్లులో కరిగి ఉన్నదంతా పైకొచ్చి మూత కింద జమవుతుంది.

దర్శనం చేసుకుని వచ్చి చూస్తే సీసా నిలబడటం మానేసింది. అడుగున ఉండే అయిదు కాళ్లూ లోపలి ఒత్తిడికి ఉబ్బి, గుడ్డు మీద నిలబెట్టినట్టు దొర్లుతోంది. నొక్కితే రాయి. ఇక్కడ చేయవలసిన పని ఒక్కటే: కుదపకుండా నీడకు చేర్చి, ఐసులో పెట్టి, గంట తర్వాత తడిగుడ్డ కప్పి మూతను వెంట్రుకవాసి తిప్పి, బుస్సుమనగానే మళ్లీ బిగించడం, ఇలా పది సార్లు. అల్లుడు దాన్ని అలాగే ఒళ్లో పెట్టుకుని బండిని బామ్మర్దికిచ్చాడు. భువనగిరి దాకా ఉన్న ప్రతి స్పీడ్‌బ్రేకర్ మీదా సీసా కుదుపు తిన్నది. 

భువనగిరి కోట కనిపించగానే మూత తిప్పాడు.

గౌడ కులంలో పుట్టి ఖిలాషాపూర్‌లో కోట కట్టిన సర్వాయి పాపన్న 1700ల తొలినాళ్లలో భువనగిరి మీదా దాడి చేశాడు. అంతకు తగ్గని దాడి మళ్లీ ఇప్పుడు కారులో జరిగింది. మూత అద్దానికి తగిలి ఏసీ రంధ్రం దగ్గర ఇరుక్కుంది. కుదుపులకు పుట్టిన బుడగలన్నీ ఒక్కసారిగా లేచి, కల్లులోని పొట్టునూ మడ్డినీ వెంటేసుకుని పైకప్పుకు, అక్కడి నుంచి బామ్మర్ది చొక్కాకు చేరాయి. రెండు లీటర్లలో మిగిలింది పావు. ఉప్పల్ దగ్గర ఆపిన పోలీసాయన కిటికీ దింపగానే ముక్కు మూసుకుని మిషన్ పెట్టాడు. ఊదితే సున్నా. ఆయన మిషన్‌ను రెండు సార్లు తట్టి చూసుకున్నాడు.

తీసుకెళ్లాలనుకునేవాళ్లు సీసాలో మూడొంతులే పోయాలి, మూతను అర చుట్టు వదులుగా ఉంచాలి లేదా దబ్బనంతో చిల్లి పెట్టాలి. ఐసు డబ్బాలో నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం లోపే ముగించాలి. ఫ్రిజ్ ఈస్టును నెమ్మదిపరుస్తుంది, ఆపదు. గాజు సీసా వద్దేవద్దు, పగిలితే ముక్కలు ఎగురుతాయి. స్టీలు ఫ్లాస్కు ఇంకా మోసం, లోపల ఉబ్బుతున్నా బయటికి తెలియనివ్వదు. లొట్టి మూతికి ఆకో గడ్డి చుట్టో కుక్కే పాత పద్ధతిని నేను ఇప్పటికీ ఏ మూతకన్నా ఎక్కువ నమ్ముతాను. నురగ ఆగుతుంది, గాలి పోతుంది.

ఒలికితే ఆరకముందే చన్నీళ్లతో తుడవాలి. ఆరితే చక్కెర జిగురై చీమల్ని పిలుస్తుంది. పుల్లవాసనకు వంటసోడా చల్లి రాత్రంతా ఉంచాలి.

రాత్రి మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, కల్లు అందిందా?"

"అందింది మామా. అందరికీ అందింది. సీట్లకు గూడ."

"మరి శనివారం చిన్నోడు బస్సుకొస్తుండు. ఇంకో రెండు సీసలు పంపాల్నా?"

అల్లుడు కారు వైపు ఒకసారి చూశాడు. "పంపు మామా. మూతలు మాత్రం నీ దగ్గర్నే పెట్టుకో."