ఒక్కరోజు పస్తుంటే పాపాలన్నీ మాఫీనా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: యూదులు ఏడాదంతా ఎవరిని మోసం చేసినా ఫరవాలేదు, యోమ్ కిప్పూర్ నాడు పస్తుంటే అన్నీ మాఫీ. ఆ సాయంత్రం ఒక మంత్రం చదివితే ఇచ్చిన మాటలు, రాసుకున్న ఒప్పందాలు రద్దు. పైగా ఆరోజు పిల్లలకూ రోగులకూ కూడా ముద్ద పెట్టరు. ఈ మూడూ తప్పే. మొదటిదైతే పూర్తిగా తలకిందుల మాట.

యోమ్ కిప్పూర్ అంటే మన తెలుగు బైబిల్లోని ప్రాయశ్చిత్తార్థ దినం. సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. దాదాపు 25 గంటలు అన్నం, నీళ్లు రెండూ ముట్టరు. స్నానం ఉండదు, తోలు చెప్పులు వేసుకోరు. ఇంత కఠినంగా ఉన్నా అది ఏ తప్పుకు చెల్లుతుందో, దేనికి చెల్లదో క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా తేల్చేసింది. దేవుడి విషయంలో చేసిన తప్పులకే ఆరోజు ప్రాయశ్చిత్తం. సాటి మనిషికి చేసిన అన్యాయానికి, ఆ మనిషిని సమాధానపరిచేదాకా ప్రాయశ్చిత్తం లేదు. "పాపం చేస్తా, యోమ్ కిప్పూర్ చూసుకుంటుంది" అనుకునేవాడికి ఆరోజు పనికిరాదని కూడా అక్కడే ఉంది. మెసేజ్ యూదులకు అంటగట్టిన ఆలోచనను వాళ్ల శాస్త్రమే ఎప్పుడో కొట్టేసింది!

సమాధానపరచడం ఎలాగో 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ వివరంగా రాశాడు. డబ్బు ఎగ్గొట్టి ఉంటే ముందు అది కట్టాలి. కట్టేస్తే సరిపోదు, క్షమించమని అడగాలి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లి బతిమాలాలి, అలా మూడుసార్లు. అప్పటికీ మనసు మెత్తబడకపోతే ఇక తప్పు వాళ్లది. ఆ మనిషి చనిపోయి ఉంటే పదిమందిని తీసుకెళ్లి సమాధి దగ్గర తప్పు ఒప్పుకోవాలి, బాకీ ఉంటే వారసులకు ఇవ్వాలి. అందుకే ఆ పండుగ ముందు రోజుల్లో చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్ చేసి క్షమాపణ అడగడం చాలామంది యూదులకు అలవాటు. నన్నడిగితే ఉపవాసం కన్నా ఇదే కష్టం.

ఇక ఆరోజు ఉదయం సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, వినిపించేది బైబిల్లోని యెషయా గ్రంథం 58వ అధ్యాయం. ఓపక్క ఉపవాసం ఉంటూ మరోపక్క పనివాళ్లను పీడించేవాళ్లను అది దులిపేస్తుంది. ఆకలితో ఉన్నవాడికి నీ అన్నంలో భాగం పెట్టు, అదే నేను కోరే ఉపవాసం అంటాడు దేవుడు. మధ్యాహ్నం బైబిల్లోని యోనా ప్రవక్త కథ చదువుతారు. అందులో నీనెవె నగర జనం పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుని పస్తున్నారు. కానీ దేవుడు చూసింది ఆ గోనెపట్టనూ పస్తునూ కాదు, వాళ్లు చెడు నడత మానుకోవడం. వానలు పడక ఉపవాసం ప్రకటించినప్పుడు కూడా పెద్దలు జనానికి ఈ మాటే చెప్పాలని మిష్నాలో ఉంది.

రెండో ఆరోపణలోని మంత్రం పేరు కోల్ నిద్రే. అది మనిషి దేవుడి ముందు తనకు తానుగా పెట్టుకున్న మొక్కులకూ ఒట్లకూ సంబంధించింది. ఇంకొకరికి ఇచ్చిన మాట, రాసిన నోటు, కోర్టులో చేసిన ప్రమాణం దాని కిందికి రావు. ఈ అపవాదు చాలా పాతది. మిష్నా, దానిపై పండితుల చర్చలు కలిసిన గ్రంథం తల్మూద్. 1240లో పారిస్‌లో దాన్ని విచారణకు పెట్టినప్పుడు, యూదు మతం వదిలి క్రైస్తవుడైన నికొలస్ డోనిన్ ఈ అపవాదునే ఎత్తాడు. యూదుల తరఫున మతగురువు రబ్బీ యెహీయేల్ జవాబు చెప్పినా లాభం లేకపోయింది. కొద్దికాలానికే అక్కడ బండ్లకొద్దీ తల్మూద్ ప్రతులు తగలబెట్టారు. యూదుడి ఒట్టును నమ్మలేమంటూ యూరప్ కోర్టులు వందల ఏళ్లు వాళ్లచేత అవమానకరమైన ప్రమాణాలు చేయించాయి. ఫార్వర్డ్ నొక్కేవాళ్లకు ఇదంతా తెలియకపోవచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారనీ, ఈ మెసేజ్ వాళ్ల ఫోన్లలోకీ వెళ్తుందనీ కూడా తెలియకపోవచ్చు.

మూడోదానికి జవాబు చిన్నది. మగపిల్లలకు పదమూడేళ్లు, ఆడపిల్లలకు పన్నెండేళ్లు నిండేదాకా ఈ ఉపవాసం తప్పనిసరి కాదు. ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఉంటే తినాల్సిందే. వైద్యుడు అక్కర్లేదన్నా, తినకుండా ఉండలేనని రోగి అంటే రోగి మాటే వినాలని తల్మూద్ చెబుతుంది.