"కాలేజీ అయ్యాక ఏంటి?" అని అడిగిన అన్నయ్యగారికి

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒక పెద్దాయన మా అమ్మాయిని అడిగారు: "ఈ ఐస్ హాకీ ఆడితే ఏమొస్తుందమ్మా? మహా అయితే ఓ స్కాలర్‌షిప్. కాలేజీ అయ్యాక ఏంటి?" పిల్ల తల దించుకుని పులిహోర తింది. పద్నాలుగేళ్ళది, జట్టుకి గోల్‌కీపరు. తెల్లవారుజామున అయిదున్నరకల్లా ఐస్ మీద ఉంటుంది. దాని బదులు నేను చెబుతాను. ఆయన కూడా ఇది చదువుతారనే రాస్తున్నా.

మినియాపొలిస్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాం కదా, అమండా కెసెల్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? 2012-13లో యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా అమ్మాయిలు 41 మ్యాచ్‌లు ఆడి 41 గెలిచారు. ఆ సీజన్లో అమండా 46 గోల్స్ కొట్టింది, మరో 55 కొట్టించింది. దేశంలోకెల్లా మేటి కాలేజీ హాకీ క్రీడాకారిణికిచ్చే ప్యాటీ కాజ్‌మైయర్ అవార్డు ఆమెకే వచ్చింది. జాతీయ కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది మన యూనివర్సిటీ రింకు, రిడ్డర్ అరీనాలోనే.

2014లో సోచీ ఒలింపిక్స్ నుంచి వెండి పతకంతో వచ్చింది. కానీ తలకి తగిలిన దెబ్బ, ఆ కంకషన్, రెండేళ్ళు ఆటకి దూరం చేసింది. ఇక ఆడదేమో అనుకున్నారు. 2016 ఫిబ్రవరిలో మళ్ళీ అదే కాలేజీ జెర్సీ వేసుకుంది. మార్చిలో ఫైనల్. ఎదురుగా అప్పటికి ఆడిన 40 మ్యాచ్‌లూ గెలిచిన బోస్టన్ కాలేజ్. మిన్నెసోటా 3-1తో గెలిచింది. గెలిపించిన గోల్ అమండాదే. కాలేజీలో ఆమెకి అదే ఆఖరి మ్యాచ్.

అన్నయ్యగారూ, మీరడిగిన "ఏంటి" ఇక్కడ మొదలవుతుంది. అప్పటి ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్‌లోని జట్టు న్యూయార్క్ రివెటర్స్ ఆమెకి ఏడాదికి 26,000 డాలర్లిచ్చింది. ఆ లీగ్‌లో అందరికన్నా పెద్ద జీతం అదే! నవంబరు వచ్చేసరికి డబ్బు చాలక లీగ్ అందరి జీతాల్లోనూ కోత పెట్టింది. ఆమె సొంత అన్న ఫిల్ కెసెల్ కూడా మిన్నెసోటాలోనే ఆడాడు, ఒక్క సీజన్. ఆ వెంటనే మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్ళిపోయాడు. 2013లో అతను సంతకం పెట్టిన ఒప్పందం 8 ఏళ్ళకి 6 కోట్ల 40 లక్షల డాలర్లు. ఒకే ఇల్లు, ఒకే ఆట, ఒకే కాలేజీ. ఏడాది సంపాదనలో తేడా మూడు వందల రెట్లు పైనే.

ఎన్‌హెచ్‌ఎల్‌కి జనం ఉన్నారు, టీవీ డబ్బుంది, నిజమే. అంత ఇవ్వమని ఎవరూ అడగట్లేదు. నా బాధ వేరు. కాలేజీలో ఉన్నంతకాలం అమ్మాయికి మంచి రింకు, కోచ్, దెబ్బ తగిలితే చూసే డాక్టరు, ప్రయాణానికి బస్సు, అన్నీ ఉంటాయి. పట్టా చేతికొచ్చాక పగలంతా ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు. ఆట పదునెక్కే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులోనే కాళ్ళ కింద నేల లాగేస్తారు. 2019లో కెనడాలోని ఆడవాళ్ళ లీగ్ ఏకంగా మూతపడింది.

ఇప్పుడున్నదైనా ఎవరూ దయతలిచి ఇచ్చింది కాదు. 2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ముందు అమెరికా జట్టు అమ్మాయిలు సరైన జీతాలిచ్చేదాకా ఆడబోమని కూర్చున్నారు. అమెరికా హాకీ సమాఖ్య వాళ్ళ స్థానంలో కాలేజీ అమ్మాయిల్ని పిలిచి చూసింది. దేశం తరఫున ఆడే అవకాశం గుమ్మంలోకొస్తే ఆ పిల్లలు వద్దన్నారు! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. చివరికి ఒప్పందం కుదిరింది, జట్టు ఆడింది, స్వర్ణం గెలిచింది.

2024 జనవరి 1న ఆడవాళ్ళ కొత్త ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదలైంది. మొదటి సీజన్లో కనీస జీతం 35,000 డాలర్లు, ప్రతి జట్టులో ఆరుగురికైనా 80,000కి తగ్గకుండా. ఆ ఏప్రిల్లో మాంట్రియల్ బెల్ సెంటర్‌లో ఒక్క మ్యాచ్‌కి 21,105 మంది వచ్చారు. ఆడవాళ్ళ హాకీ ఎవరు చూస్తారనే వాళ్ళు ఆ అంకె గుర్తుపెట్టుకోండి. ఆ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు టేలర్ హైసీ, మన యూనివర్సిటీ అమ్మాయే. లీగ్ మొదటి రెండు కప్పులూ మన మిన్నెసోటా జట్టువే.

అమండాకి అప్పటికి 32 ఏళ్ళు. 2018లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన ఆ షూటౌట్‌లో గోల్ కొట్టిన మనిషి, ఈ లీగ్ వచ్చేనాటికి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌లో ఆఫీసు ఉద్యోగంలో ఉంది. ఈ లీగే పదేళ్ళు ముందొచ్చి ఉంటే ఎన్ని సీజన్లు ఆడేదో.

అన్నయ్యగారూ, వచ్చే సీజన్లో ఓ శనివారం రిడ్డర్ అరీనాకి రండి. టికెట్టు నేను కొంటాను. మా అమ్మాయి పక్కన కూర్చుని ఆట చూడండి, మీ ప్రశ్న అప్పుడు మళ్ళీ అడుగుదురు గాని.