జపనీస్ క్లాసులో తెలుగుకు చోటేదీ?

ఇంట్లోంచి బయటికెళ్తూ ‘వెళ్తాను’ అంటే మన పెద్దవాళ్ళు ఊరుకోరు. ‘వెళ్ళొస్తాను అనాలి’ అని సరిదిద్దుతారు. జపాన్‌లోనూ అంతే. గడప దాటేవాళ్ళు ‘ఇత్తె కిమసు’ అంటారు. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమసు’ అంటే వస్తాను. లోపలున్నవాళ్ళు ‘ఇత్తె రష్షాయ్’ అని బదులిస్తారు, వెళ్ళి రమ్మని. తెలుగు పిల్లలకు ఇది చటుక్కున ఎక్కాల్సిన మాట. కానీ పాఠ్యపుస్తకాలూ వివరణలూ ఇంగ్లిష్‌లో ఉండటంతో ‘ఐయామ్ లీవింగ్’ అని నోట్సులో రాసుకుని బట్టీపడతారు. మళ్ళీ వస్తానన్న సగం దారిలోనే జారిపోతుంది.

ఇప్పుడీ గొడవ ఎందుకంటే, జపనీస్ నేర్చుకునేవాళ్ళు ఒకప్పటిలా భాషాభిమానులు మాత్రమే కారు. ఐదేళ్ళలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగించాలని, వారిలో 50 వేల మంది భారతీయ నిపుణులు జపాన్ వెళ్ళాలని 2025 ఆగస్టులో ఇరు ప్రభుత్వాలూ లక్ష్యం పెట్టుకున్నాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ చదువు ఉంది. కందిలోని ఐఐటీ క్యాంపస్ జపాన్ సాయంతో పెరిగింది. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ ఫ్యాక్టరీలున్నాయి. ఇంజినీరింగ్, నర్సింగ్ పిల్లల చూపంతా జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో మొదటి మెట్లైన ఎన్5, ఎన్4 సర్టిఫికెట్ల మీదే. ఆ పరీక్షలో ఉండేవి ఇచ్చిన జవాబుల్లోంచి సరైనది గుర్తించే ప్రశ్నలే. మాట్లాడే పరీక్ష లేదు, చేత్తో రాసే పరీక్షా లేదు. అంటే నోరు విప్పకుండానే పాసైపోవచ్చు.

వాక్యం కట్టే తీరు చూడండి. ‘కినో కత్త హొన్’ అంటే నిన్న కొన్న పుస్తకం. మాటకు మాట, అదే వరస. దీన్నే ఇంగ్లిష్‌లో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకు లాగి, నిన్నను చివరికి నెట్టాలి. ‘కురు తొ ఇత్త’లో ‘తొ’ చేసే పని ‘వస్తానని అన్నాడు’లో మన ‘అని’ చేసేదే. ఇంకా ముచ్చటైనది, ‘తబెతె మిరు’. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. కూర రుచి ఎలా ఉందో ‘తిని చూడు’ అంటామే, అచ్చం అదే. ‘కత్తె ఒకు’ అంటే కొని పెట్టుకోవడం. ‘ఒకు’కు అసలు అర్థమే పెట్టు. ఇంగ్లిష్‌లో వీటికి పేజీలకు పేజీలు వివరణ కావాలి. మనకు ఒక్క తెలుగు వాక్యం చాలు.

ఇలా అన్నానని రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళని చెప్పబోవడం లేదు. జపాన్ పండితుడు ఒహ్నో సుసుము తమిళంతో చుట్టరికం కలపబోతే భాషావేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. నాకు చుట్టరికంతో పని లేదు, పోలికతోనే పని. అన్నట్టు, ‘సునామీ’ అని మనం రాసే మాటలోని అసలు ‘త్సు’ శబ్దం, ‘చుట్టం’ అన్నప్పుడు మన నోట్లో పలికే ‘చు’యే. బస్సును వాళ్ళు ‘బసు’ అంటారు, కప్పును కప్పే అంటారు.

కంజీ, అంటే చైనా నుంచి జపాన్ తెచ్చుకున్న అక్షరాల దగ్గర మాత్రం తెలుగు చేతులెత్తేస్తుంది. వాడుకకు అవసరమని జపాన్ ప్రభుత్వం 2010లో ఖరారు చేసిన జాబితాలో 2,136 అక్షరాలున్నాయి. పైగా ఒకే అక్షరానికి చోటును బట్టి పలుకు మారుతుంది. ఆదివారాన్ని ‘నిచియోబి’ అంటారు. అందులో మొదటిదీ చివరిదీ ఒకటే అక్షరం, ముందు ‘నిచి’, వెనక ‘బి’. దీనికి అడ్డదారి లేదు, చెయ్యి నొప్పెట్టేదాకా రాయాల్సిందే.

దేశం నలుమూలల పిల్లలు కూర్చునే క్లాసులో పాఠమంతా తెలుగులో చెప్పమనడం న్యాయం కాదు. కానీ గుంటూరులోనో వరంగల్‌లోనో క్లాసు నిండా తెలుగువాళ్ళే ఉన్నప్పుడు కూడా ఇంగ్లిష్ నిచ్చెన ఎందుకు? తెలుగులో రాసిన వంద పేజీల జపనీస్ వ్యాకరణం ఒకటి చేతిలో పెడితే మొదటి సెమిస్టర్‌లో సగం బరువు దిగుతుంది.

సంస్కృతి పాఠానికి ఇది మరీ అవసరం. చాలాచోట్ల ఆ పాఠం కిమోనో, టీ వేడుక, చెర్రీపూల ఫొటోలతో ముగుస్తుంది. అసలు చిక్కు ఫోన్ ఎత్తినప్పుడు వస్తుంది. బయటివాళ్ళు అడిగితే మనం ‘మా సార్ లేరండీ’ అంటాం. అక్కడ తనాకా అనే మేనేజర్ గురించి బయటి కంపెనీవాళ్ళకు చెప్పేటప్పుడు మన ‘గారు’ లాంటి ‘సన్’ తీసేసి ఒట్టి ‘తనాకా’ అనాలి. నాన్నకూ అంతే. మీ నాన్నగారు ‘ఒతోసన్’, మా నాన్న ఒట్టి ‘చిచి’. గారు తగిలించడమే మర్యాదని పెరిగిన పిల్లకు ఇది మింగుడుపడదు. ఇంగ్లిష్‌లో చెబితే గౌరవ సూచకాల పట్టికగా మిగిలిపోతుంది. తెలుగులో అయితే ‘మా’ నుంచి మొదలుపెట్టవచ్చు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మన’, పక్కన పెడితే ‘మా’ అన్న తేడా ఆమెకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. జపాన్‌వాళ్ళు ‘ఉచి’ (లోపలివాళ్ళు) అనే గిరి దాదాపు ఈ ‘మా’యే. కాకపోతే బయటివాళ్ళ ముందు ఆ గిరిలోపలి వాళ్ళెవరికీ ‘గారు’ ఉండదు.