ర్యాలీలో ఇన్‌హేలర్, ఆస్పత్రిలో బిళ్ళ

మొన్న మంగళవారం ఆస్తమా డే. ఏటా మే మొదటి మంగళవారం జరిగే తంతే. తిరుపతిలో, చిత్తూరులో బ్యానర్లు కట్టారు, నర్సింగ్ విద్యార్థినులను ఎండలో నడిపించారు, మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ ఇన్‌హేలర్ వాడండి, భయం లేదు, అదేం అలవాటైపోదు అని చెప్పారు. చెప్పింది నిజమే. మాకు మండింది ఆ మాటకు కాదు. మర్నాడు మా విలేకరి జిల్లాలోని ఒక పీహెచ్‌సీకి వెళ్తే అక్కడ చూద్దామన్నా ఒక్క ఇన్‌హేలర్ లేదు. బెల్లం గానుగ దగ్గర పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే ఒక పెద్దావిడ, రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటూ, పిల్లికూతలు పక్కవాళ్ళకు వినిపిస్తుండగా కిటికీ ముందు నిలబడితే, కాగితంలో చుట్టిన, ఆయాసం తగ్గించే పది సాల్బుటమాల్ బిళ్ళలు, ఒక దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపారు. "అది మింగితే గుండెకాయ దడదడా కొట్టుకుంటాది నాయినా, చేతిలో చెంబు కూడా నిలవదు" అందామె.

ఆ వణుకు ఎందుకో తెలియక కాదు. ఒక బిళ్ళలో మందు 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే బిళ్ళలో నలభయ్యో వంతు. అది నేరుగా గాలి గొట్టాల్లోకి పోతుంది. బిళ్ళ అయితే కడుపులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఈ తేడా కోసమే ఇంగ్లండులోని వేర్ అనే ఊళ్ళో డేవిడ్ జాక్ అనే పరిశోధకుడు తన బృందంతో ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1960ల్లో అప్పటి ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్లు గుండెను కూడా పరుగెత్తించేవి, అదే దశకంలో బ్రిటన్‌లో ఆస్తమా చావులు పెరిగి జనం బెంబేలెత్తిపోయారు. గుండె జోలికి ఎక్కువగా పోకుండా గాలి గొట్టాలను వదులు చేసే మందు కావాలని వెతికి జాక్ బృందం తెచ్చింది సాల్బుటమాల్. ఇన్‌హేలర్‌గా అది 1969లో మార్కెట్‌లోకి వచ్చింది. గాలి గొట్టాల వాపును తగ్గించే స్టెరాయిడ్‌ను కూడా పీల్చుకునేలా 1972లో ఇచ్చారు. యాభై ఏళ్ళు దాటిపోయాయి! ఆయన గొట్టంలో పెట్టి ఇచ్చిన మందును మనం మళ్ళీ బిళ్ళ చేసి మింగిస్తున్నాం, వేదికల మీద మాత్రం ఇన్‌హేలర్ గొప్పతనం గురించి ఉపన్యాసాలు.

మందులు కావాలని ఇండెంట్ పెట్టాం, ఇంకా రాలేదు, పల్లె జనానికి పీల్చడం చేతకాదు, వాళ్ళే బిళ్ళ అడుగుతారు అని అధికారుల వివరణ. ఇండెంట్ ఆలస్యం కావచ్చు, కాదనం. చేతకాదనడం మాత్రం వినడానికే బాగాలేదు. నేర్పడానికి ఐదు నిమిషాలు చాలు, మందును పట్టి ఉంచే స్పేసర్ అనే డబ్బా తగిలిస్తే చిన్నపిల్లలు కూడా పీలుస్తారు. ఎప్పుడూ ఇవ్వని వస్తువును జనం అడగడం లేదనడం ఏం న్యాయం?

పైగా ఇదేదో ఖరీదైన విదేశీ వైద్యం కాదు. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, గాలి గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. ఆయాసం తగ్గించే మందు ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దు, వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా పీల్పించాలని అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల వేదిక జినా 2019లోనే చెప్పేసింది. 2025 ఆస్తమా డే నినాదమే పీల్చే మందులు అందరికీ అందాలని. ఇక్కడ అందరికీ అందింది బ్యానర్. ప్రపంచ ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతమైతే, ఆస్తమా చావుల్లో 40 శాతం పైమాటే అన్న అంచనా ఊరికే రాలేదు.

ఊపిరితిత్తుల జబ్బులు ఈ గడ్డకు కొత్తా? ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె శానటోరియం (క్షయ ఆస్పత్రి) నుంచే 1940లో ఫ్రిమోడ్ మోలర్, బార్టన్ అనే డాక్టర్లు, క్షయలా కనిపించినా క్షయ కాని ఒక జబ్బును రాసి లోకానికి చెప్పారు. రాత్రిళ్ళు దగ్గు, ఉబ్బసంలాంటి ఆయాసం, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు విపరీతం. ఫైలేరియా పురుగు వల్ల వచ్చే ఈ జబ్బునే తర్వాత ట్రాపికల్ ఇసినోఫీలియా అన్నారు. దగ్గేవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకుండా చూసిన ఊరి పక్కనే, ఇవాళ దగ్గుతో వచ్చిన ప్రతివాళ్ళకీ అదే సీసా, అవే బిళ్ళలు. ఆ డాక్టర్ల పేర్లు కూడా సభల్లో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం.

దుమ్ము సంగతీ అంతే. గాలి పాడైన ఊళ్ళ కోసం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు పథకం జాబితాలో చిత్తూరు పేరుంది. గ్రానైట్ కోసేచోట నీళ్ళు పోయకుండా పొడిగా కోస్తే లేచే ధూళి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, అది వస్తే నయం కాదు. అక్కడ పనిచేసే కార్మికుడికి ఊపిరితిత్తుల సత్తువ కొలిచే ఊదుడు పరీక్ష ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనడిగితే జవాబు లేదు.

జిల్లా ఆరోగ్య శాఖ పెద్దలకు ఒకటే అడుగుతున్నాం. ర్యాలీ ఫొటోలు మాకు పంపొద్దు, వేయం. ఏ పీహెచ్‌సీలో ఎన్ని ఇన్‌హేలర్లు వచ్చాయో, ఎన్ని ఇచ్చారో ఆ స్టాక్ రిజిస్టర్ పేజీలు పంపండి, మొదటి పేజీలో వేస్తాం. పంపలేకపోతే వచ్చే మే నెలలో ఆ ఆడపిల్లలను ఎండలో నడిపించకండి, కనీసం వాళ్ళకైనా ఆయాసం తప్పుతుంది.