ఏడు చిట్కాలు, ఒక్కదాంట్లోనూ ఫ్యాన్ మాట లేదు

"కారు వేడెక్కుతోందా? మెకానిక్ అక్కర్లేని ఏడు చిట్కాలు" అనే మెసేజ్ ఈ వారంలో నలుగురు పంపారు. నిన్న రాత్రి మా పిన్ని కూడా పంపి, "నీకు పనికొస్తుందిరా" అంది. పంపినవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే కాబట్టి విసుగు దిగమింగుకుని ఊరుకున్నాను. కానీ మూడో చిట్కా చదివాక ఇక ఊరుకోవడం తప్పనిపించింది.

మెసేజ్ చెప్పే సమస్య ఇది: సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వేడి చూపించే సూది పైకి పోతుంది, బండి కదిలితే దిగుతుంది. అందుకు చెప్పిన మందులు: ఏసీ మానెయ్యండి, చిక్కటి ఇంజన్ ఆయిల్ పోయించండి, వెంటనే రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయండి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వ్) పీకేయించండి, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) బదులు నీళ్లు చాలు, బానెట్ కొంచెం తెరిచి నడపండి, హీటర్ ఫుల్లుగా పెట్టండి.

బానెట్ తెరిచి నడిపితే గాలికి లేచి అద్దం మీద పడుతుంది. ఆయిల్ ఏ గ్రేడో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే పోయించండి. ఈ రెంటికీ ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇక మూడోది. ఆ మూత సీసా మూత లాంటిది కాదు. అందులో స్ప్రింగ్ ఉంటుంది. చాలా కార్లలో అది లోపల సుమారు 1 బార్ అదనపు ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. అంటే సూది ఎరుపులో ఉన్నప్పుడు లోపల 110, 115 డిగ్రీల ద్రవం మరక్కుండా ఆగి ఉండొచ్చు. మూత తిప్పగానే ఒత్తిడి పోయి అందులో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. మిగిలిన మరిగే నీటిని తోసుకుంటూ అది వచ్చేది, వంగి చూస్తున్న మొహం మీదికే. మా బావ ఒకసారి చేతికి తువ్వాలు చుట్టుకుని, "సగమే తిప్పుతాలే" అని తిప్పాడు. తడిసిన తువ్వాలు చర్మానికి అతుక్కుపోయింది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆ చేతిని చూసి ఉంటే "వెంటనే" అనే మాట రాసేవారా?

పైగా చన్నీళ్లట! కాగిపోయిన అల్యూమినియం హెడ్‌కి, అంటే ఇంజన్ పై భాగానికి, ఒక్కసారిగా చన్నీళ్లు తగిలితే అది వంగొచ్చు, పగలొచ్చు. చిన్న రిపేరుతో పోయేది ఇంజన్ విప్పేదాకా వస్తుంది. సూది ఎరుపులోకి వెళితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కనీసం అరగంట ఆగండి. రేడియేటర్ పై గొట్టం వేడి తగ్గి, నొక్కితే మెత్తగా లొంగాలి. మూత సంగతి ఆ తర్వాతే.

అసలు ఆగితే వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే ఆ ఒక్క లక్షణమే సగం రోగం చెప్పేస్తోంది. కదిలే బండికి ఎదురుగాలి ఉంటుంది. ఆగిన బండికి గాలి ఇచ్చేది రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే. మొత్తం మెసేజ్‌లో ఆ మాటే లేదు! ఏసీ మానెయ్యమన్నారు కదా, నిజానికి ఇంట్లో చేసుకోగల మొదటి పరీక్ష ఏసీతోనే. కరెంటు ఫ్యాన్ ఉన్న చాలా కార్లలో ఏసీ వేస్తే కాసేపట్లో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే టెంపరేచర్ సెన్సర్‌నీ దాని వైర్‌నీ అనుమానించాలి. రెంటికీ తిరగకపోతే ఫ్యూజ్, రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్), కనెక్టర్, మోటార్ వరసగా చూడాలి. మోటార్‌కి నేరుగా 12 వోల్టులు ఇస్తే తిరిగిందా, మోటార్ బాగున్నట్టే. ఫ్యాన్ బాగా తిరుగుతున్నా వేడెక్కుతుంటే ముందుండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న దుమ్ము, తగ్గిన కూలెంట్, అరిగిన వాటర్ పంప్ చూడాలి. ఒక్క జాగ్రత్త: కొన్ని కార్లలో ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చెయ్యి పెట్టొద్దు.

థర్మోస్టాట్ మీద వీళ్లకెందుకంత కోపమో. అది మూసుకుపోయి ఇరుక్కుంటే హైవే మీద కూడా వేడెక్కుతుంది. వీళ్లు చెప్పిన లక్షణానికి అది సరిపోదు. పీకేస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. కొన్ని ఇంజన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. అది లేకపోతే కొంత కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఎవరో పీకించుకుని "బాగైంది" అన్నారని మీరూ పీకించుకోకండి.

నీళ్ల సంగతి: దారిలో ఇంకేం దొరకనప్పుడు, ఇంజన్ చల్లారాక పోసుకోవచ్చు. అదే అలవాటైతే తుప్పు, గార పట్టి సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. వాటిని ఆపే మందులు కూలెంట్‌లోనే ఉంటాయి.

ఇక హీటర్. ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. కారు కాగిపోతుంటే హీటరేమిటని నేనూ కొట్టిపారేసినవాణ్ణే. కానీ హీటర్ లోపల ఉండేది ఒక చిన్న రేడియేటర్, దానికి సొంత బ్లోయర్ ఉంటుంది. అందుకే ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. పోయినేడాది ట్రాఫిక్‌లో సూది సగం దాటి లేస్తుంటే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. కాళ్లు మాడిపోతున్నాయి కానీ సూది రెండు గీతలు దిగింది. రోడ్డు పక్కకు చేరేదాకా అది చాలింది. చల్లారాక బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు తీసి, ఫ్యాన్ కనెక్టర్ ఊడదీశాను. రెండు పిన్నుల్లో ఒకటి కాలి నల్లబడి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయింది.