పగటిపూట మాత్రమే దర్శనమిచ్చే వంద ఎంబీపీఎస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వంద ఎంబీపీఎస్ గారి దివ్యసముఖమునకు,

సెకనుకు వంద మెగాబిట్ల వేగం అన్న మాట నమ్మి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్న తమరి చందాదారుడు నమస్కరించి చేసుకునే విన్నపం. నిన్న మధ్యాహ్నం 3 గంటలకు తమరు మా ఇంటికి విచ్చేసి, కేబుల్ ఆఫీసు కుర్రాడి ఫోను తెర మీద, వేగం కొలిచే స్పీడ్ టెస్టులో 97గా దర్శనమిచ్చి, అతను ఆ తెరను ఫొటో తీసుకోవడం పూర్తికాగానే సెలవు తీసుకున్న సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే వస్తాడని చెప్పిన ఆ కుర్రాడి కోసం బ్యాంకు పని మానుకుని, భోజనం కూడా వీధి తలుపు కనిపించేలా కూర్చుని చేసి, ఫోను చేసినప్పుడల్లా "బయలుదేరాడండీ, దారిలో ఉన్నాడు" అనే సమాధానం వింటూ పూటంతా గడిపిన నాకు దక్కిన దర్శనమది. అయితే నేను ఫిర్యాదు చేసింది మధ్యాహ్నం మూడింటి గురించి కాదు, రాత్రి ఎనిమిదింటి గురించి. ఆ ముక్కే చెప్పాను. కుర్రాడు మర్యాదగా తల ఊపి, "ఇప్పుడైతే ఫుల్లుగా వస్తోంది కదండీ మాష్టారూ, ఓటీపీ చెప్పండి, కంప్లయింటు క్లోజ్ చేసేస్తాను" అన్నాడు. చెప్పనన్నాను. అతను గేటు దాటకముందే నా ఫోనుకు సందేశం వచ్చింది: తమ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

ఆఫీసులో వినే నాథుడు లేడు కనుక ఆ సమస్య ఏమిటో తమకే నేరుగా విన్నవించుకుంటాను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాళ్లు గడియారాలు ముందుకూ వెనక్కూ జరుపుకునే కాలాన్ని బట్టి, మనకు రాత్రి 8 అయితే అక్కడ ఉదయం ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. వారమంతా ఉద్యోగాలూ బడులూ పోగా, శనివారం ఆ వేళకే రెండు ఇళ్లలోనూ మెలకువా తీరికా కలిసివస్తాయి. పిల్లలను అమెరికా పంపిన తల్లిదండ్రులు మా వీధిలోనే చాలామంది ఉన్నారు, వారందరిదీ దాదాపు ఇదే ముహూర్తం. అదే ముహూర్తానికి ఊరంతా సీరియళ్లూ క్రికెట్టూ కొత్త సినిమాలూ పెట్టుకుంటుంది. సరిగ్గా అదే ముహూర్తానికి తమరు అంతర్ధానమవుతారు. మొన్న శనివారం మా మనవరాలు ముందుపన్ను ఊడిందని చూపించడానికి కెమెరాకు దగ్గరగా వచ్చి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది, కాసేపటికి ముఖమంతా గళ్లుగళ్లుగా విడిపోయింది, గొంతు మాత్రం ఆగి ఆగి "తాతయ్యా, కనిపించిందా?" అని అడిగింది. కనిపించిందమ్మా అన్నాను. మా ఆవిడ మాత్రం "పైదా, కిందదా?" అని అడిగి నా పరువు తీసింది.

ఇంతకూ ఆ సంభాషణకు తమరి సంపూర్ణ మహిమ అక్కర్లేదు. స్పష్టమైన వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ సరిపోతుంది. అంటే 100లో 4. మిగిలిన 96ను తమరు ఎవరికి దానం చేసినా నేను పద్దు అడగను. 100 అంటే మెగాబిట్లే తప్ప మెగాబైట్లు కావనీ, 8తో భాగిస్తే 12.5 మాత్రమే తేలుతుందనీ, అది కూడా వైఫైలో రెండు గోడలు దాటేసరికి ఇంకా అరుగుతుందనీ నాకు తెలుసు. లెక్కల మాష్టారుగా రిటైరైనవాణ్ని కనుక ఆ భాగహారం మీద నాకు ఏ తగాదా లేదు. నాకు నాలుగు కావాలి; అవి శనివారం రాత్రి ఎనిమిదింటికి కావాలి.

ఆఫీసులో దీనికి చెప్పే కారణాలు ఋతువులను బట్టి మారుతుంటాయి. ఒకసారి రోడ్డు పనుల జేసీబీ, ఇంకోసారి కొమ్మలు కొట్టిన కరెంటువాళ్లు, ఏదీ తోచనప్పుడు కోతులు. కేబుల్ తెగితే రూటరు మీద ఎల్ఓఎస్ అనే ఎర్రదీపం వెలుగుతుందనీ, మా ఇంట్లో అది వెలగడం లేదనీ, పైగా ఏ కోతీ రాత్రి 8కి కేబుల్ కొరికి 11కు దాన్ని అతికించి వెళ్లదనీ మనవి చేశాను. అప్పుడు మా ఫోను పాతదేమో చూసుకోమన్నారు.

కాబట్టి నేనే లెక్క వేసుకున్నాను. మా ఊళ్లో ఉన్నది జీపాన్ అనే ఫైబర్ పద్ధతి అని ఆ కుర్రాడే చెప్పాడు. ఆ పద్ధతిలో ఆఫీసు నుంచి బయలుదేరిన ఒక్కో గాజుపోగు సెకనుకు దాదాపు 2488 మెగాబిట్లను ఇళ్లవైపు మోస్తుంది. స్తంభాలకు వేలాడే పెట్టెలలోని స్ప్లిట్టర్లు దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతాయి. 32 ఇళ్లకు తలా 100 అంటేనే 3200 అవుతుంది, కనుక అందరూ ఒకే క్షణంలో పిలిస్తే తమరు అన్ని ఇళ్లకూ వెళ్లడం అసాధ్యం. ఇందులో మోసం ఉందని నేను అనను. అందరూ ఒకేసారి అడగరన్న ధీమా మీదే ఎక్కడి బ్రాడ్‌బ్యాండు అయినా నడుస్తుంది. నిజంగానే ఒకేసారి అడిగారనుకుందాం: 32 ఇళ్లయితే తలా 77, 64 ఇళ్లయినా తలా 38 రావాలి. నాకు నాలుగు కూడా రావడం లేదంటే తప్పు ఆ గాజుపోగుది కాదు, ఆఫీసుకు అవతల ఉన్న దారిది. ఊరి ఇళ్లన్నిటికీ కలిపి మన కేబుల్‌వారు పైనున్న పెద్ద సంస్థ దగ్గర ఎంత బ్యాండ్‌విడ్త్, అంటే ఎంత వెడల్పు దారి, కొన్నారన్న ఒక్క అంకె ఏ రసీదు మీదా ఉండదు, ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. తమరి అంకె మాత్రం బస్టాండు దగ్గర నిలువెత్తున ఉంటుంది. ఆఫీసు నుంచి మా ఇంటి దాకా నడిచే వందను నాకు అమ్మి, ఆఫీసు దాటాక ఎంత ఉందన్నది కేబుల్‌వారు చెప్పకుండా దాచుకున్నారు.

"మరి యూట్యూబు బాగానే వస్తోంది కదా మాష్టారూ" అన్నది కేబుల్ ఆఫీసు యజమాని అడ్డుప్రశ్న. వస్తుంది. జనం ఎక్కువగా చూసే వీడియోల నకళ్లను ప్రొవైడర్ల నెట్‌వర్కుల్లోనే కేష్ సర్వర్లలో నిలవ చేసి ఉంచుతారు కనుక, ఊరంతా చూస్తున్న సినిమా పాట అంత దూరం నుంచి మళ్లీ మళ్లీ రానక్కర్లేదు. మా మనవరాలి ఊడిన పన్నుకు కేష్ సర్వరు లేదు. అది డల్లాస్ నుంచి అప్పటికప్పుడు రావాలి.

ఇక తమరికి అత్యంత ప్రీతిపాత్రమైన స్పీడ్ టెస్టు దగ్గరకు వస్తాను. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, తనిఖీకి అధికారి వస్తున్నాడంటే పక్క ఊరి పిల్లలను కూడా బెంచీల మీద కూర్చోబెట్టి హాజరు నూటికి నూరు చూపించిన బడులను ఎరుగుదును. తమరి స్పీడ్ టెస్టు ఆ తనిఖీ వంటిదే. మీట నొక్కగానే అది దగ్గరలో ఉన్న సర్వరును తానే వెతుక్కుంటుంది, ఆ సర్వరు ఒక్కోసారి పైనున్న పెద్ద సంస్థ నెట్‌వర్కులోనే ఉంటుంది. నిన్న కుర్రాణ్ని సర్వరు మార్చి డల్లాస్ ఎంచుకోమన్నాను. వింతగా చూశాడు గానీ ఎంచుకున్నాడు. 60 వచ్చింది. అంత దూరానికి ఆ మాత్రం తగ్గడం సహజమే, అరవైతో నేను పదిహేనుమంది మనవలతో మాట్లాడగలను. రాత్రి ఎనిమిదింటికి ఇదే సర్వరుకు ఇదే పరీక్ష పెడితే ముల్లు 1 దగ్గర కొట్టుకుంటుందని, తీసి దాచిన ఫొటోలు చూపించాను. అతను వాటిని శ్రద్ధగా చూసి, "రాత్రి అయితే మాకు చూడ్డం కుదరదండీ, ఆరింటికి డ్యూటీ అయిపోతుంది" అన్నాడు. సమస్య ఉన్న వేళలో చూసేవాడు ఉండడు, చూసేవాడు ఉన్న వేళలో సమస్య ఉండదు. ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను ప్రభుత్వ శాఖలలో సైతం చూడలేదు. నెలసరి డబ్బు వసూలు చేసే మనిషి మాత్రం రాత్రి ఎనిమిదింటికే వస్తాడు, ఆ వేళకైతే ఇంట్లో మనుషులు ఉంటారని.

తమరి హోదా విషయంలో మరొక సందేహం. 2004 నాటి కేంద్ర విధానంలో బ్రాడ్‌బ్యాండు అనిపించుకోవడానికి 256 కిలోబిట్లు ఉంటే చాలు. 2013లో దాన్ని 512 చేశారు. 2023 జనవరిలో కనీసం 2 మెగాబిట్లు ఉండాలని మార్చారు. ముల్లు 1 దగ్గర కొట్టుకునే శనివారం రాత్రుల్లో తమరు ఆ నిర్వచనం కిందికి రారు. వేగం ఒప్పుకున్న దానిలో 80 శాతం మించాలని, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో పెట్టి 2024 దాకా నడిపిన నియమాల్లో ఉండేది, కానీ దాన్ని ప్రొవైడరు నోడు, అంటే వారి ఆఫీసు యంత్రం, నుంచి చందాదారుడి దాకానే కొలిచేవారు, అంటే మళ్లీ తమరి పగటి సంచారం ఉన్న మేరకే. అయితే అవే నియమాల్లో, రద్దీ గంటల్లో ఆఫీసుకు అవతలి పై లింకుల వాడకం 80 శాతానికి లోపే ఉండాలన్న మాట కూడా ఉండేది. ఆ వాక్యాన్ని నేను ఆఫీసుకు వెళ్లి యజమానికి చదివి వినిపించాను. ఆయన పూర్తిగా విని, "మీకు తెలియనిదేముంది మాష్టారూ" అని, ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించారు. టీ బాగుంది.

మిగిలిన చిన్న చిన్న విషయాలను సాగదీయను. అపరిమితం అని రాసిన చోటే చీమ తలంత అక్షరాలతో 3300 జీబీ వరకే అని ఉన్నదాన్ని భూతద్దంతో చదివాను. ఇంటర్నెట్‌లో ఒకే చిరునామా (పబ్లిక్ అడ్రసు) కింద ఎన్నో ఇళ్లను కుక్కడం వల్ల కాబోలు, ఏ వెబ్‌సైటు తెరిచినా నేను మనిషినేనా అని అనుమానించి, ట్రాఫిక్ సిగ్నళ్లున్న బొమ్మలు ఏరమంటుంది. మా ఊళ్లో ఒక్క ట్రాఫిక్ సిగ్నలూ లేదు. 499 రూపాయలకు 18 శాతం జీఎస్టీ కలిపి 589 తీసుకుంటున్నారు, రాని ఎంబీపీఎస్‌లకు కూడా పన్ను కట్టే భాగ్యం నాకు కల్పించినందుకు కృతజ్ఞుణ్ని.

ఇంత జరిగినా వేరే పెద్ద కంపెనీకి ఎందుకు మారలేదని అబ్బాయి అడుగుతుంటాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. స్తంభాలు పడిపోయి, చెట్ల మీద కేబుళ్లు వేలాడుతున్నప్పుడు, నిన్న ఓటీపీ అడిగిన ఆ కుర్రాడే మోకాలి లోతు నీళ్లలో నిచ్చెన మోసుకుని వచ్చాడు. గొడుగు ఒకరు పట్టుకోగా, పట్టాకింద అతికించే యంత్రం పెట్టుకుని, 9 మైక్రాన్ల గుండె ఉన్న గాజుపోగును స్పిరిట్‌తో తుడిచి, కొస సరిగ్గా కోసి, విద్యుత్ మెరుపుతో అతికించాడు. తడి చేతులు వణుకుతున్నా మొదటిసారికే అతుకు కుదిరింది. ఆ రాత్రి మేం క్షేమంగా ఉన్నామన్న మాట డల్లాస్‌కు ఆ అతుకు గుండానే వెళ్లింది. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే కంపెనీల నుంచి నిచ్చెనతో ఎవరు వస్తారు? ఆ కుర్రాడికి నేను ఎన్ని నక్షత్రాలైనా ఇస్తాను. తమరికి మాత్రం ఇవ్వను, ఎందుకంటే ఆ రాత్రి కూడా పని చేసింది అతను, పేరు తమరిది.

ఈ లేఖ రాయడం మొదలుపెట్టాక మధ్యలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నా బాధ వారు అర్థం చేసుకున్నారట. 200 ఎంబీపీఎస్ ప్లానుకు మారితే సమస్య ఉండదట, ఆరు నెలలకు ఒకేసారి కడితే ఒక నెల ఉచితమట. విన్నావా వంద ఎంబీపీఎస్? రాని నీకు రెండింతలు కట్టి తెచ్చుకుంటే అది మాత్రం ఏ దారిన వస్తుంది? పైన దారి ఇరుకైతే ఇక్కడ నీ అన్నను కూర్చోబెట్టి ఏం లాభం? నువ్వు రాత్రి ఎక్కడ ఉంటావో నీ యజమానికి తెలుసు, ఇంకాస్త బ్యాండ్‌విడ్త్ కొంటే వస్తావనీ తెలుసు, అందుకు డబ్బు ఖర్చవుతుంది కనుక నన్నే మరింత ఖర్చు పెట్టమంటున్నాడు. నాలుగు అడిగిన మనిషికి రెండు వందలు చూపించడానికి సిగ్గుండాలి. మీరు ఇలా ప్లాన్లు మారుస్తూ కూర్చుంటే ఆ పిల్లకు కొత్త పన్ను కూడా వచ్చేస్తుంది.

ఆరు నెలలకు కట్టను. రెండు వందలకూ మారను. వచ్చే నెల వసూలుకు రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషిని లోపలికి పిలిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, స్పీడ్ టెస్టులో డల్లాస్ సర్వరును అతని వేలితోనే ఎంచుకోమంటాను. నాలుగు వస్తే 589 రూపాయలూ చేతిలో పెడతాను. రాకపోతే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపిస్తాను.

ఇట్లు,
బాపట్ల జిల్లా నుంచి తమరి చందాదారుడు