ఫ్లెక్సీ ముందు, ఫ్లైటు తర్వాత

ఆఫ్రికాలో క్రైస్తవ సంఘ సేవకులను బలపరచి, తర్ఫీదు ఇచ్చి రావడానికి హైదరాబాద్ నుంచి బృందాలు బయల్దేరే కాలం ఈ వేసవి సెలవులు. అనుభవం లేని కొన్ని బృందాలు పాఠాల తయారీతో పని మొదలుపెట్టి నష్టపోతున్నాయి. వారి క్షేమం కోరి, వాడుకలో స్థిరపడిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

మొదట ఫ్లెక్సీ. పది అడుగులకు ఎనిమిది చాలు. ఎడమ పక్క ఆఫ్రికా పటం, కుడి పక్క సింహం, నడుమ పాస్టరు అయ్యగారు, అమ్మగారు. కింది వరసలో సంఘ పెద్దలు తపాలా బిళ్ళ సైజులో. వెళ్ళేది కెన్యాకే అయినా పటంలో ఖండం మొత్తం ఉండాలి, ఒక్క దేశం బొమ్మ అంత దూరానికి ఆనదు. పేరు ముందు 'అంతర్జాతీయ వాక్యోపదేశకులు' అని చేర్చడానికి ప్రయాణం పూర్తి కానక్కర్లేదు, టికెట్టు బుక్కయితే చాలు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు సైతం సూది పడిన పది రోజులకు గానీ చెల్లదు. ఈ బిరుదుకు ఆ గడువు లేదు.

టీకా నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. పాస్‌పోర్టు పట్టుకెళ్ళాలి. మందు సీసాను ఒకసారి కలిపాక ఆరు గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారబోయడమే. కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే వేయరు, రోజూ వేళా ముందే కనుక్కోవాలి. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. బృందంలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ, ఫ్లెక్సీ మీద మాత్రం అందరికీ నలభయ్యే. కార్డు లేకపోతే అసలు తంటా తిరుగు ప్రయాణంలో, మన శంషాబాద్‌లో. ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్ళకుంది. ఈలోపు స్వాగత సభకు వేసిన టెంటు అద్దె పెరుగుతూ ఉంటుంది. ఇక మలేరియాకు డాక్సీసైక్లిన్ వాడితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. సాక్ష్యం చెప్పిన ఆదివారంతోనే మాత్రలు ఆపేసేవారికి రెండో సాక్ష్యానికి కూడా అవకాశం ఉంటుంది.

బృందంలో ఆరుగురు: అయ్యగారు, అమ్మగారు, కీబోర్డు వాయించే కొడుకు, వీడియో తీసే అల్లుడు, టికెట్లకు పెద్ద మొత్తం ఇచ్చిన సంఘ పెద్ద, పాఠం చెప్పగలిగిన ఒక మనిషి. టికెట్ల ధర పెరిగితే ఎవరిని ఆపాలన్న చర్చ వస్తుంది. పైన చెప్పిన వరసలో చివరి నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ.

ఖర్చు ట్రస్టు ఖాతాలో రాద్దామంటే ఆడిటరు ఒప్పుకోడు. దేశం బయట పెట్టిన ఖర్చు, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, ఆదాయపు పన్ను మినహాయింపు లెక్కలోకి రాదు. అందుకే విశ్వాసులు వ్యక్తిగతంగా ప్రేమకానుక ఇస్తారు, అయ్యగారు వ్యక్తిగతంగా ప్రయాణిస్తారు, ఫ్లెక్సీ మీద మాత్రం సంస్థ పేరు ఉంటుంది.

కెన్యానే ఎందుకు అని కొందరు అల్పవిశ్వాసులు అడుగుతారు. 1844లోనే క్రాఫ్ అనే మిషనరీ మొంబాసాలో దిగాడు. 2019 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 85 మంది క్రైస్తవులు. మన దగ్గర 2011 లెక్కల్లో, ఉమ్మడి రాష్ట్రంలో, నూటికి ఇద్దరు కూడా తేలలేదు. ఇక్కడి నుంచి అక్కడికి సంఘం ఎలా కట్టాలో నేర్పడానికి వెళ్ళడమంటే విశ్వాసం కాక మరేమిటి?

కాలం విషయం. మన పిల్లల సెలవులు మేలో గనుక ప్రయాణం మేలోనే. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. పల్లెల్లో మట్టి రోడ్లు బురదవుతాయి, మొక్కజొన్న చేలల్లో కలుపు పని ముమ్మరంగా ఉంటుంది. అక్కడ ఒక్కో పాస్టరు కింద నాలుగైదు సంఘాలు ఉండటం మామూలే, కాబట్టి చాలా ఆదివారాలు వాక్యం చెప్పేది జీతం లేని సేవకులు. వాళ్ళు రైతులు కూడా. అంటే మనం నేర్పబోయే మనిషి చేలో కలుపు వదిలేసి, సొంత డబ్బుతో మటాటూ (అక్కడి ప్రైవేటు మినీ బస్సు) ఎక్కి, బురదలో నడిచి వస్తాడు. ఆగస్టులో పెట్టుకుంటే ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది గానీ ఆగస్టులో కీబోర్డు అబ్బాయికి కాలేజీ. పైగా ఆఫ్రికా అంటే ఎండే అనుకుని అందరూ పల్చటి చొక్కాలు సర్దుకుంటారు. నైరోబీ సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. వానలో తడిసిన మొదటి సాయంత్రమే సన్మానాలకు తెచ్చిన అమ్మగారి శాలువాల్లో సగం పంపకమైపోతాయి.

సామాను సర్దేటప్పుడు కిరాణా కొట్టు ప్లాస్టిక్ కవర్లన్నీ తీసెయ్యాలి. కెన్యా 2017 ఆగస్టులో వాటిని నిషేధించింది, జరిమానా భారీగా ఉంటుంది. ఆవకాయ సీసా చెక్ ఇన్ పెట్టెలో, పవర్ బ్యాంకు చేతి సంచిలో. తారుమారైతే రెండూ పోతాయి. ముఖ్యమైంది అడాప్టరు. కెన్యాలో ప్లగ్గులకు ఇంగ్లండు పద్ధతిలో మూడు పలక పిన్నులు, మనవి గుండ్రటివి. కరెంటు ఓల్టేజీ సరిపోతుంది, పిన్నే దూరదు. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే వస్తువు. అయినా ఆరుగురికీ కలిపి ఒక్కటే కొంటారు. అది చేరేది ప్రొజెక్టరుకు కాదు, రైస్ కుక్కరుకు. అతిథులను పిలిచిన సంఘం స్త్రీలు తెల్లవారకముందే లేచి మొక్కజొన్న పిండితో ఉగాలి, సుకుమా ఆకుకూర వండి పెడతారు. ఉగాలి మన సంకటికి అన్నదమ్ముడే. కానీ సంకటి తినడానికి అంత దూరం ఎందుకు వెళ్ళడమని బృందం తర్ఫీదు జరిగే బడి గది మూలన కుక్కరు పెడుతుంది. అన్నం ఉడికేదాకా అరవై నాలుగు స్లైడులు చీకట్లో ఉంటాయి. ప్రెషరు కుక్కరు కాదు గనుక విజిల్‌తో పాఠానికి అంతరాయం మాత్రం రాదు.

ఇప్పుడు తర్ఫీదు. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు అంటే 240 నిమిషాలు. పాటలకు 45, పరిచయాలకు 40, శాలువాలకు 30, టీకి 30 తీసేస్తే 95 మిగులుతాయి. ప్రతి వాక్యాన్నీ స్వాహిలీలోకి మార్చి చెప్పాలి కాబట్టి అందులో సగం అనువాదకుడివి. మన చేతికొచ్చేది 47 నిమిషాలు. అందులో అయ్యగారు బాల్యం నుంచి తన పిలుపు ఎలా జరిగిందో చెబుతారు. ఒకే వాక్యభాగం తీసుకుని ఆదివారానికి ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, కానుకల పుస్తకం ఇద్దరి సంతకాలతో ఎలా రాయాలి, భూమి తగాదా పడిన రెండు కుటుంబాలు ఒకే బల్ల మీద కూర్చుంటే ఏం చేయాలి వంటి చిల్లర విషయాలకు వ్యవధి చాలదు. సర్టిఫికెట్లకు చాలుతుంది. పేర్లు ఖాళీగా వదిలి, బేగంబజారులో చేయించిన షీల్డులతో పాటు పట్టుకెళ్ళాలి. ఎవరి పేరు వాళ్ళే రాసుకుంటారు.

ఈ పద్ధతి తెలియక పూర్వం కొందరు ఎంత నష్టపోయారో చూడండి. జాన్ రంగయ్య 1903లో తెలుగు బాప్టిస్టుల తరఫున ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళారు. తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఉండిపోయారు. పది రోజుల్లో తిరిగొచ్చి ఉంటే మంచి రిపోర్టు తయారయ్యేది. తమిళనాడు నుంచి వచ్చి 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య తెలుగు నేర్చుకున్నారు, ఎద్దుబండి మీద ఊళ్ళు తిరిగారు, పల్లె ఉపదేశకులకు భార్యలతో సహా తర్ఫీదు ఇప్పించారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరో మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి ఆయన అడిగింది 'మాకు స్నేహితులను ఇవ్వండి' అని. షీల్డుల మాటే ఎత్తలేదు.

తిరిగొచ్చాక ఫాలో అప్ ఉండాలని దాతలు పట్టుబడతారు. దానికి వాట్సాప్ గ్రూపు ఉంది. కెన్యా సేవకులు అందులో రెండు వారాల పాటు పాఠం నోట్సు స్వాహిలీలో పంపగలరా అని అడుగుతారు. జవాబుగా ప్రతి ఉదయం 'ఈ రోజు వాగ్దానం' కార్డు పంపాలి: పూల బొమ్మ మీద తెలుగు అక్షరాలు, కింద అయ్యగారి ఫోటో, ఫోన్ నంబరు. వాళ్ళకు తెలుగు రాదు గానీ మర్యాదస్తులు, ఒక్కొక్కరుగా 'ఆమేన్' అని పెడతారు. నెలాఖరున వాటిని లెక్కపెట్టి, రిపోర్టులో 'తర్ఫీదు కొనసాగుతున్న సేవకులు' అన్న గడిలో ఆ అంకె వేసుకోవచ్చు.